మంగలికత్తిని పాలిష్ చక్రం మీద పెట్టించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఇంట్లో ఉన్న పాత వస్తువులకి మళ్లీ మెరుగు తెచ్చుకోవడం గురించి వేసిన వ్యాసం చదివాను. ఇత్తడి బిందెలు, గోడ గడియారాలు, మరచెంబుల గురించి రాసింది బాగుంది. చివర్లో మాత్రం రెండే రెండు వాక్యాల్లో పాత మంగలికత్తి సంగతి తేల్చేశారు, చింతపండుతో తోమి, దగ్గర్లో ఉన్న పాలిష్ షాపులో చక్రం మీద పెట్టిస్తే కొత్తదానిలా మెరుస్తుందని. ఆ రెండు వాక్యాల కోసమే ఈ ఉత్తరం. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మా ఇంట్లో ఒక కత్తి సరిగ్గా అలాగే పోయింది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. కూతవేటు దూరంలో పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతకి కొండల మీంచి దిగేవాళ్లతో సవర మాటలు రెండు మూడు, మా అందరి బతుకూ అలాగే నడుస్తుంది. పత్రికకి రాయాలంటే భాష ఎలా ఉండాలో అని కాస్త జంకాను గానీ, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా, మాట్లాడినట్టే రాస్తున్నాను.

మేము నాయీ బ్రాహ్మణులం. ఇక్కడ ఒడియా వాళ్లు భండారి అంటారు. మా తాత, మా నాన్న ఇద్దరూ కత్తి పట్టి బతికినవాళ్లే. మంగలికత్తి అనే మాటని బయట తిట్టులా వాడేవాళ్లని చూశాను, మా ఇంట్లో మాత్రం అది అన్నం పెట్టిన పనిముట్టు పేరు, అందుకే ఈ ఉత్తరంలో ఆ మాటే రాస్తాను. నేను హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను.

తాత అడపంలో, అంటే పనిముట్లు పెట్టుకునే తోలు సంచిలో, రెండు మంచి కత్తులు ఉండేవి. రెండూ విశాఖపట్నంలో కొన్నవేనట, నౌపడ నుంచి చిన్న రైల్లో వస్తూ దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యింది, మా ఊరు అటు చేరింది, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అంతకు కొంచెం ముందు కొన్నాడని నాన్న చెబుతాడు. ఒకటి ఇంగ్లండులోని షెఫీల్డులో చేసింది, జోసెఫ్ రోడ్జర్స్ వాళ్లది, తోక దగ్గర, అంటే కత్తి రేకు పిడిలో కలిసే చోట, నక్షత్రం, శిలువ గుర్తు కొట్టి ఉంటాయి. రెండోది జర్మనీలోని సోలింగెన్ కత్తి. అది మరీ పలచన, రెండు పక్కలా లోపలికి తొలిచినట్టు ఉంటుంది, గోటితో మీటితే సన్నగా మోగేది. తాత పెళ్లికొడుకులకి దాన్నే తీసేవాడు.

తర్వాత రోజులు మారాయి. ఎయిడ్స్ గురించి అందరికీ తెలిశాక నాన్న తన షాపులో మనిషికో బ్లేడు మార్చే కత్తికి వచ్చేశాడు. అది సరైన పనే, ఇప్పటికీ అంతే అంటాను. ఒకే కత్తితో పదిమందికి గీసే రోజులు మళ్లీ రాకూడదు. పాత కత్తిని బాగుచేసుకోవడం అంటే ఇంట్లో ఒక్క మనిషి వాడుకోవడానికి మాత్రమే. అలా ఆ రెండు కత్తులూ ట్రంకుపెట్టెలో ముప్పై ఏళ్లు పడుకున్నాయి.

రెండేళ్ల కిందట పెట్టె తెరిచి, సోలింగెన్‌ది తమ్ముడు తీసుకున్నాడు, షెఫీల్డుది నా దగ్గర ఉంచుకున్నాను. వాడు ఉద్యోగం చేసే ఊళ్లో ఒక పాలిష్ షాపుకి తీసుకెళ్లాడు. షాపువాడు పది నిమిషాల్లో అద్దంలా చేసి ఇచ్చాడు. వాడు సంబరంగా ఫొటో పంపాడు. నాన్న ఆ ఫొటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, వాదర వెంబడి నీలం తిరిగింది, కత్తి చచ్చిపోయింది అన్నాడు. అని ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు అన్నం తినలేదు.

వాదరంటే కత్తి పదును అంచు. అది నీలం తిరగడమంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని పాలిష్ రంగు అనుకుంటారు. ఈ కత్తులు కార్బన్ ఉక్కుతో చేసినవి. చేసేటప్పుడు ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు, అప్పుడు ఉక్కు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసుగా కూడా ఉంటుంది. ఆ పెళుసుతనం పోవడానికి మళ్లీ తక్కువ వేడిలో, సుమారు 200 డిగ్రీల దగ్గర, కాసేపు ఉంచుతారు. పదును నిలబడడం అంతా ఆ రెండో వేడిలో ఉంది. ఆ వేడి దాటిందా, ఉక్కు మెత్తబడడం మొదలవుతుంది. ముందు గడ్డి రంగు వస్తుంది, 300 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నీలం. మంగలికత్తి వాదర వెంట్రుక కంటే పలచన కాబట్టి, తిరిగే చక్రానికి ఆనిస్తే ఆ వేడి ఎక్కడానికి రెండు మూడు సెకన్లు చాలు. వెంటనే నీళ్లలో ముంచినా పోయిన గట్టితనం తిరిగి రాదు. పైన నీలాన్ని రుద్దేసి మెరుపు తేవచ్చు, కానీ ఎంత నూరినా అర గడ్డం గీసేసరికి మొద్దుబారుతుంది. తమ్ముడి కత్తి ఇప్పుడు వాడి షోకేసులో ఉంది. చూడ్డానికి చాలా బాగుంటుంది.

ఇక చింతపండు సంగతి. అది ఇత్తడికీ రాగికీ మంచిది. ఉక్కుకి పులుపు తగిలితే నల్లబడుతుంది, తుడవడం ఆలస్యమైతే గుంటలు పడతాయి.

తమ్ముడి కత్తి గతి చూశాక నా దగ్గర ఉన్నదాన్ని నేనే బాగుచేస్తానని నాన్నతో అన్నాను. ఆయనకిప్పుడు ఎనభై నాలుగేళ్లు, చేతులు వణుకుతాయి, చెప్పేది ఆయన, చేసేది నేను. మొదట చూడాల్సింది తుప్పు ఎంత పట్టిందని కాదట, వాదర దాకా వచ్చిందా లేదా అని. గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర కంటి అద్దం అడిగి తెచ్చి వాదరంతా చూశాం. వెన్ను మీద, తోక దగ్గర తుప్పు గుంటలు ఉన్నాయి, వాదర మీద ఒక్కటి కూడా లేదు. వాదరలో గుంట పడితే ఎంత నూరినా అక్కడ సన్నగా విరుగుతూనే ఉంటుంది. అలాగే నెర్రె ఉందేమో చూడాలి, వెంట్రుకంత నెర్రె ఉన్నా ఆ కత్తి మొహం దగ్గరికి తేకూడదు.

పాత పిడి చూస్తే తెల్లగా, సన్నటి చారలతో ఉంది. ఏనుగు దంతం అని మా ఇంట్లో అందరూ అనుకునేవాళ్లం, నాకు దాంతో పెద్ద టెన్షన్ పట్టుకుంది. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, దంతం కొనడం అమ్మడం నేరం, పైగా లఖారి లోయలో ఏనుగులు తిరిగే జిల్లా మాది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వచ్చింది. అప్పుడు అర్థమైంది, అది సెల్యులాయిడ్. దూదికి నైట్రిక్ ఆమ్లం పట్టించి, కర్పూరం కలిపి చేసే పాతకాలపు ప్లాస్టిక్ అది, వెనకటి సినిమా రీళ్లు కూడా దాంతోనే చేసేవారు. దంతంలా కనిపించాలని చారలు కూడా వేసి అమ్మేవారు. సూది కాల్చి గుచ్చి చూడమని కొందరు చెబుతారు, వద్దు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

దీనికి ఇంకో గుణం ఉంది, ఎక్కువమందికి తెలియనిది. పాతబడిన సెల్యులాయిడ్ నెమ్మదిగా విరిగిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. కత్తి మడిచి పెడితే ఆ ఆవిరి అంతా అలుగు, అంటే కత్తి రేకు, చుట్టూనే తిరుగుతుంది. మా కత్తికి తుప్పు ఎక్కువ పట్టింది ఎక్కడంటే, మడిచినప్పుడు సరిగ్గా పిడి లోపల ఉండే భాగంలో. ముప్పై ఏళ్లు పిడే కత్తిని తిన్నది. మీ ఇంట్లో ఇలాంటి కత్తి ఉంటే, పిడి పసుపు పచ్చగా మారి చిట్లుతూ ఉంటే, కత్తి బాగుచేయించడం తర్వాత సంగతి, ముందు ఆ పిడి తీసేయండి.

తీయడం సుత్తి పని కాదు. పిడికి రెండు చెక్కలు, వాటిని పట్టి ఉంచే ఇత్తడి మేకులు, పిడి చివర రెండు చెక్కల మధ్య ఒక చిన్న ముక్క. మేకు తల చుట్టూ ఉన్న చిన్న రింగు కనిపించేదాకా సన్న ఆకురాయితో తలని అరగదీసి, సన్న మొలతో మెల్లగా అవతలికి తోయాలి. ఆ మధ్య ముక్క చాలా కత్తుల్లో సీసంతో చేసి ఉంటుంది, మాది కూడా అంతే, తెల్లగా బూడిద పట్టి ఉంది. సీసం విషం కాబట్టి దాన్ని వట్టి చేతులతో ముట్టకండి, పిల్లలకి అందకుండా పారేయండి.

అలుగుని కిరోసిన్‌లో రెండు రోజులు నానబెట్టి, తర్వాత కుట్టుమిషన్ నూనె వేసి ఎమరీ పేపరుతో రుద్దాను. 400 నంబరుతో మొదలుపెట్టి 800, 1500, 2000. కాగితాన్ని చిన్న చెక్కకి చుట్టి, అలుగుని చదునైన బల్ల మీద పరిచి, వాదరకి టేపు అంటించి, ఎప్పుడూ పొడుగునే రుద్దాలి, వాదర వైపు చెయ్యి జారకూడదు. రోజుకి గంట చొప్పున పదకొండు రోజులు పట్టింది. నక్షత్రం, శిలువ ఉన్న చోట మాత్రం వేలితో నూనె రాసి గుడ్డతో తుడిచానంతే, కాగితం తాకించలేదు. గుంటల మచ్చలు కొన్ని ఉండిపోయాయి. అవి పోవాలంటే ఉక్కు చాలా అరగదీయాలి, నాకు మనసు ఒప్పలేదు. తొంభై ఏళ్ల కత్తికి మచ్చలు ఉండనివ్వండి.

పిడి దగ్గరికి వచ్చేసరికి మా ఊరి గొప్పతనం నాకే మొదటిసారి తెలిసింది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరుపడ్డ ఊరు. గేదె కొమ్ముతో కొంగలు, చేపలు, రొయ్యలు, దువ్వెనలు, చేతికర్రల పిడులు చేసేవాళ్లు ఇక్కడ తరాలుగా ఉన్నారు. చిన్నప్పటి నుంచి వాళ్ల వీధిలోంచి నడుస్తూ, కొమ్ము కాలుతున్న వాసనకి ముక్కు మూసుకుని పోయానే గానీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఈసారి నాన్నని రిక్షాలో ఎక్కించుకుని వెళ్లి, కత్తి చూపించి, దీనికి కొమ్ముతో పిడి చేస్తారా అని ఒకాయన్ని అడిగాను. ఆయన కత్తిని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఇలాంటిది మా నాన్న చేసేవాడక్కా, నాకెవరూ తేలేదు ఇన్నాళ్లూ అన్నాడు.

కొమ్ము కొస గట్టిగా నిండుగా ఉంటుంది, మొదలు డొల్లగా ఉంటుంది. బొమ్మలకి కొస కావాలి, పిడికి మాత్రం డొల్ల భాగమే మంచిదట, దాన్ని నిలువునా కోసి, బొగ్గుల మీద వేడి చేస్తే తోలులా వంగుతుంది, వేడి ఉండగానే రెండు పలకల మధ్య బిగించి చల్లారనిస్తే చదునుగా నిలుస్తుంది. మన గోళ్లు, జుట్టు ఏ పదార్థమో కొమ్ము కూడా అదే, కెరాటిన్, అందుకే ఆ వాసన, అందుకే వేడికి ఆ మెత్తదనం. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో ఈ మాట, చేత్తో పట్టుకుని చూడ్డం మాత్రం అప్పుడే. నేను తొందరపడుతుంటే, "పది రోజులు ఎండనియ్యక్కా, ఇప్పుడే కోసేస్తే వానాకాలానికి వంకర తిరిగిపోతాది, కత్తి మూస్తే వాదర పిడికి కొట్టుకుంతాది" అన్నాడు. ఎండాక ఆరంగుళాల పొడవు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పలకలు కోశాడు. రెండింటినీ ఒకదానికొకటి అతికించి, ఒకే ముక్కలా పట్టుకుని ఆకురాయితో రూపు తెచ్చి, రంధ్రాలు కూడా కలిపే పెట్టాడు, లేకపోతే రెండు పక్కలా ఒకేలా కుదరదు. తర్వాత విడదీసి, గాజు పెంకుతో గీకి, నున్నటి కాగితంతో రుద్ది, కొబ్బరినూనె పట్టించాడు. నల్లటి కొమ్ములో తేనె రంగు పొగలాంటి చార ఒకటి బయటపడింది. తెల్ల పిడి కంటే ఈ కత్తికి ఇదే నప్పింది అంటాను, నాన్న కూడా అదే అన్నాడు.

సీసం ముక్క బదులు అదే కొమ్ములో ముక్క తీసి సన్నగా కోసి పెట్టాడు. అది ఒక పక్క మందంగా, ఒక పక్క సన్నగా ఉండాలి, అప్పుడే చెక్కలు కొంచెం విచ్చుకుని అలుగు మధ్యలో దిగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటరు ఇత్తడి తీగెని కోసి, రింగులు తొడిగి, చిన్న గుండు సుత్తితో చుట్టూ తట్టుకుంటూ పోతే తల గుండ్రంగా విచ్చుకుంటుంది. గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే కొమ్ము చిట్లుతుంది. ఇరుసు మేకు బిగువు ఎంత ఉండాలంటే, కత్తిని ఎంతమేర తెరిచి వదిలితే అక్కడే నిలవాలి. అది మూడోసారికి కుదిరింది. మొత్తం పనికి ఆయన అడిగింది చాలా తక్కువ, నేను బలవంతం చేసి దానికి రెండింతలు ఇచ్చాను.

పదును పెట్టడం మాత్రం ఇంట్లోనే. మంగలికత్తికి ఒక వసతి ఉంది, కోణం మనం లెక్క చూసుకోనక్కర్లేదు, వెన్ను, వాదర రెండూ రాయికి ఆనించి పరిస్తే కోణం దానంతట అదే కుదురుతుంది. 1000 నంబరు సానరాయి మీద మొదలుపెట్టి, 5000, 8000, చివరికి 12000. రాయి చదునుగా లేకపోతే ఇదంతా వృథా. వాదరకి మార్కర్ పెన్ను సిరా రాసి రెండుసార్లు నూరి చూస్తే, సిరా ఎక్కడ పోయింది ఎక్కడ మిగిలింది చూసి తప్పు తెలుసుకోవచ్చు. రాయి మీద వాదర ముందు నడవాలి, తోలు మీద వెన్ను ముందు నడవాలి, ఈ ఒక్కటి తారుమారైతే తోలు తెగుతుంది, పదును పోతుంది. తాత అయితే అరచేతి మీదే దువ్వేవాడు. నేను తోలుపట్టీ మీద యాభై సార్లు దువ్వాను, దువ్విన ప్రతిసారీ నాన్న పక్కన కూర్చుని లెక్కపెట్టాడు.

వాడాక తుడిచి, ఆరనిచ్చి, చుక్క నూనె రాసి గుడ్డలో చుట్టి పెడుతున్నాం. తోలు అడపంలో పెట్టడం లేదు, తోలు తేమ పట్టి ఉంచుతుంది, మా వైపు వానలకి నెల తిరక్కుండా తుప్పు వస్తుంది.

ఇప్పుడు మీకు నా విన్నపం. మొదటిది, ఆ రెండు వాక్యాలు తప్పని దయచేసి వేయండి, నా ఉత్తరం వేయకపోయినా ఫర్వాలేదు. రెండోది, మీ విలేఖరిని ఒక్క రోజు మా ఊరి కొమ్ము పనివాళ్ల దగ్గరికి పంపండి. వాళ్ల పిల్లల్లో చాలామంది వేరే పనులకి పోయారు, ఎగ్జిబిషన్లకి కొంగ బొమ్మలు తప్ప వేరే ఆర్డరు రావడం లేదని నాతో చెప్పారు. సోలింగెన్‌లో, ఫ్రాన్సులోని తియేర్‌లో ఈనాటికీ మంగలికత్తులు చేస్తున్నారు, ఖరీదైన వాటికి గేదె కొమ్ము పిడులు వేసి అమ్ముతున్నారు. ఆ పని చేయగల చేతులు మన దగ్గరే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, బరంపురం, గుణుపురం, ఎక్కడి ఇంట్లోనైనా తాతల నాటి కత్తి ఉండి దాని పిడి విరిగి ఉంటే, పాత ఇనుముకి వేయకుండా మా ఊరు తీసుకురండి. హస్తకళల ఆఫీసుల్లో ఉన్న పెద్దలు కూడా, బొమ్మలతో పాటు పిడుల పని నేర్పించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది.

మొన్న ఆదివారం మా నాన్నకి నేనే గడ్డం చేశాను. అంతకుముందు వారమంతా బెలూన్లు ఊది, సబ్బు నురగ పూసి, వాటి మీద సాధన చేశాను. మొదటి రోజు నాలుగు పగిలాయి, శనివారానికి ఒక్కటీ పగల్లేదు. చెంపలు బాగానే వచ్చాయి. గొంతు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఆయన కళ్లు మూసుకునే, "చర్మం పైకి లాగి పట్టుకోమ్మా, నువ్వు నొక్కకు, కత్తి బరువే పని చేసుకుంతాది" అన్నాడు. రెండు చోట్ల సన్నగా గీరుకుంది, పటిక రాశాను. చెంప తడుముకుని చూసుకుని, వచ్చే ఆదివారం కూడా నువ్వే చెయ్యి అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా